జానెడు వాలు

మొయినాబాదులో మా పెద్దవాడు కట్టిస్తున్న ఫంక్షన్ హాలు ఎంతవరకు వచ్చిందో చూద్దామని పోయిన వారం వెళ్ళాను. లోపల గదులు విడదీయడానికి ఇటుక గోడలు కట్టడం లేదట. తెల్లని జిప్సం షీట్లు తెప్పించాడు. మనిషి కంటే ఎత్తు, మంచమంత వెడల్పు. చూడటానికి అట్టముక్కల్లా ఉంటాయి గానీ ఒక్కొక్కటి ఎత్తడానికి ఇద్దరు కావాలి. అలాంటివి నలభై దాకా నడవలో గోడకు నిలబెట్టి ఉన్నాయి. నిలబెట్టి అంటే నిటారుగా, ఫోటో దిగుతున్న పెళ్ళికొడుకులా. వాటికే వీపు ఆనించి ఒక కూలీ ఆమె డబ్బా విప్పుకొని అన్నం తింటోంది.

అవి ఒరిగితే ఆమె మీదికే. కేక వేస్తే ఆమె ఉలిక్కిపడుతుంది. లేస్తూ లేస్తూ ఆసరాకు షీటు అంచు పట్టుకుంటుంది. అందుకని గొంతు తగ్గించాను.

"రెండు చేతులు నేలకు ఆనిచ్చి, మెల్లగ లేసి ఇటు రా బిడ్డ."

ఎందుకన్నట్టు చూసింది. ఇటు గాలి బాగా వస్తోందని అబద్ధమాడాను. ముసలాయన చాదస్తం అనుకున్నదేమో, డబ్బా తీసుకొని వచ్చింది. ఆమె వచ్చాక నేను వెళ్ళి, పక్కనుంచి చెయ్యి దూర్చి, గోడకూ లోపలి షీటు అడుగుకూ మధ్య ఎంత ఎడమున్నదో కొలిచాను.

నాలుగు వేళ్ళు. సరిగ్గా నాలుగు వేళ్ళు.

ఆ కొలత నా చేతికి తగిలి యాభై ఏళ్ళు దాటింది. తగలగానే ఆయన గుర్తుకొచ్చాడు.

ఆయన పేరు రాయను. తన పేరు కాగితం మీద చూస్తే "నేనేం తప్పు జేసిన సేటు?" అని అడిగే రకం. ఆలూరు మనిషి. చేవెళ్లలో బీజాపూరు రోడ్డు మీద నాకు షాబాదు బండల దుకాణం ఉన్న రోజుల్లో, తాండూరు దిక్కు నుంచి వచ్చే లారీలను దింపి, బండలను పేర్చిపెట్టేవాడు. ఎడమ భుజం మీద మడిచిన గోనెసంచి ఎప్పుడూ ఉండేది. లారీ లేని రోజు కూడా ఉండేది. ఆదివారం చర్చికి తెల్లచొక్కా తొడుక్కొని పోయేటప్పుడు మాత్రం గోనెసంచి ఉండదు గానీ, ఆ భుజం అప్పుడు కూడా కొంచెం పైకే ఉండేది.

బండను చూడగానే వేళ్ళ కణుపులతో కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు, దాన్ని పక్కన పెట్టేవాడు. ఈ అలవాటు బండల దగ్గర ఆగలేదు. కుండలు కొట్టి చూసేవాడు, తలుపులు కొట్టి చూసేవాడు. ఒకసారి నేను మురిసిపోతూ కొన్న కొత్త బల్లను కొట్టి, తల పక్కకు తిప్పుకున్నాడు. నెల తిరగకుండా దాని కాలులోంచి పుచ్చు పొడి రాలింది.

మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా చూపు బండ మీదే. కొత్తగా పనికి వచ్చినవాళ్ళకు ఆయన చెప్పే పాఠం ఒకటే. పండుకున్న బండ ఇరుగుతది, నిలుచున్న బండ మనిషిని ఇరుస్తది. అందుకే మోసేటప్పుడైనా పేర్చేటప్పుడైనా బండను అంచు మీద నిలపాలి, నిలిపినదాన్ని నమ్మకూడదు. అడుగున కట్టెబద్దలు వెయ్యాలి. తీసేటప్పుడు ముందరిదే తియ్యాలి, నడుమ బండ నచ్చిందని గుంజకూడదు. పడే బండకు ఎవడూ ఎదురు పోకూడదు. "అది నీ మేనత్త కొడుకు గాదు పట్టుకోనీకె. పడనీ. బండ పోతె బండ వొస్తది" అనేవాడు.

పనిలో ఆయనకు మూడే మాటలు. పట్టు, జరుపు, ఆన్చు. నాలుగో మాట లేదు. ముఖ్యంగా 'ఇడువు' అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. కారణం అడిగితే చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఇడువకు అని అరుస్తాం. గాలికో లారీ చప్పుడుకో చివరి 'కు' ఊడిపోతుంది. ఇడువు అని వినపడుతుంది. విన్నవాడు చెయ్యి తీసేస్తాడు. ఒక్క అక్షరం మీద మనిషి పాణం పెట్టొద్దు కదా సేటు, పట్టు అంటే అయిపోయె. పట్టులో ఎంత ఊడినా పట్టే మిగులుతుందని ఆయన లెక్క. ఇంట్లో కూడా అంతేనట. మేకపిల్లను విప్పమనాలంటే "తాడు జరుపు" అనేవాడని ఆయన బామ్మర్ది నవ్వేవాడు. ఆ బామ్మర్దే పనిలో ఆయనకు జంట. బండకు ఒక కొన ఆయన పడితే రెండో కొన బామ్మర్ది పట్టేవాడు.

ఇక నా సంగతి. మాది దుకాణాల ఇల్లు. తాత కిరాణం, చిన్నాయన బట్టలు, మేనమామ ఇనుపసామాను. మా ఇంట్లో పిల్లలు నడక కంటే ముందు బేరం నేర్చుకుంటారు. నాకు విషజ్వరం వస్తే మా నాయనమ్మ నూట ఒక్క కొబ్బరికాయ మొక్కింది. జ్వరం తగ్గాక దేవుడి ముందు నిలబడి, పిల్లవాడు ఇంకా సన్నగానే ఉన్నాడు గదా అని వాదించి, పదకొండుకు ఒప్పించింది. మాలో ఎవరైనా ఒక మాట చెప్పారంటే అందులో సగం అవతలివాడు కోసుకోవడానికి పెట్టిన సగం. అడిగినవాడు రెట్టింపు అడగాలి, ఇచ్చేవాడు సగానికి దించాలి. అది మోసం కాదు, మర్యాద. దించకుండా ఒప్పుకుంటే అడిగినవాడు చిన్నబుచ్చుకుంటాడు.

ఈ మర్యాదతోనే నేను ఆయన దగ్గర మొదటిరోజు కూడా నడుచుకున్నాను. లారీ ఎప్పటికి దింపుతావంటే పొద్దుగూకే వేళకు అన్నాడు. మధ్యాహ్నానికి కాదా అన్నాను. పొద్దుగూకే వేళకు అన్నాడు, అదే గొంతుతో. సరే, నా మాట కాదు నీ మాట కాదు, మూడు గంటలకు అని నేను సగం దారికి వచ్చాను. ఆయన ఈసారి మాట కూడా వృథా చెయ్యలేదు, గోనెసంచి సర్దుకొని పనిలోకి దిగాడు. సూర్యుడు చింతలకుంట గట్టు దిగుతుంటే చివరి బండ ఆన్చాడు. మనిషి కొంచెం మందబుద్ధి అనుకున్నాను. ఒక మనిషి మొదట చెప్పిన మాటే చివరి మాట కావచ్చునని నాకు తోచలేదు. మా ఇంట్లో ఎవరూ అలాంటి మనిషిని చూసి ఉండలేదు.

ఆ తరువాత తెలంగాణ గొడవలు మొదలైనాయి. బడులు మూతపడ్డాయి. బస్సు వస్తుందో రాదో చెప్పేవాడు లేడు. పొద్దున తీసిన దుకాణం మధ్యాహ్నానికి తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. రోడ్డు మీద నలుగురు గుమిగూడితే చాలు, తలుపు చెక్కలకు చెయ్యి పోయేది. పట్నంలో కర్ఫ్యూ అని, తాండూరు నుంచి పోతున్న బండల లారీలు చేవెళ్లలోనే నిలిచిపోయాయి. డ్రైవర్లు మూడు రోజులు లారీల కింద పండుకున్నారు. నాలుగో రోజు, ఎవడైనా దింపుకుంటే చాలునన్న స్థితికి వచ్చారు. అలాంటప్పుడు నావంటివాడు ఊరుకుంటాడా? గొడవలు ఈరోజు కాకపోతే రేపు ఆగుతాయి, ఆగినరోజు పట్నమంతా ఇళ్ళు కట్టుకుంటుంది అనుకొని, ఒకటి కాదు, మూడు లారీల సరుకు బేరమాడి తీసుకున్నాను. దించిన ధర చూసుకొని నాకు నేనే భుజం తట్టుకున్నాను. పెట్టే చోటు సంగతి తరువాత తట్టింది.

దుకాణం వెనక పెరడు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. అటొక గోడ, ఇటొక గోడ. రెండు గోడలకూ బండలు వరుసగా ఆనిస్తే మధ్యలో సందు మిగలాలి. ఆయన అటు ఇటు నడిచి చూశాడు. మొదటి బండను నిలబెట్టి, దాని అడుగున చెయ్యి పరిచాడు. బొటనవేలు కొస గోడకు, చిటికెనవేలు కొస బండకు.

"జాన" అన్నాడు.

అంటే బండ తల గోడకు ఆనాలి, అడుగు గోడకు జానెడు ఎడంగా ఉండాలి. ఆ వాలు ఉంటే బరువు గోడ మీదికి పోతుంది. నేను చూసింది వాలు కాదు, సందు. రెండు వైపులా జానెడు జానెడు పోతే నా మూడో లారీ బయట రోడ్డు మీద పడి ఉంటుంది. జాన ఎందుకన్నా, నాలుగు వేళ్ళు చాలవా అన్నాను.

"జాన" అన్నాడు.

మళ్ళీ అదే గొంతు. నాకు లోపల నవ్వొచ్చింది. ఈయన కూడా నేర్చుకున్నాడు, జాన అడిగితే సగమైనా దక్కుతుందని చూస్తున్నాడు అనుకున్నాను. రెండు వైపులా కలిపితే అడుగు జాగా కలిసొస్తుందని, రెండు వారాల్లో సరుకు పోతుందని, పెరట్లోకి నువ్వూ నీ బామ్మర్దీ తప్ప ఇంకొకరు రారని, నాకు తెలిసిన విద్య అంతా చూపించాను. ఆయన బండ వైపే చూస్తూ విన్నాడు.

"వాలు లేకుంటె, ఎటు పడాల్నో బండనే సోంచాయిస్తది సేటు."

"నాలుగు వేళ్ళు వాలు గాదా అన్నా?"

"బండలు నీయి. జాగ నీది" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు, ఇప్పుడు తెలుస్తున్నది. ఆ రోజు మాత్రం బేరం కుదిరిందనుకున్నాను. జానను నాలుగు వేళ్ళకు దించానని ఆ రాత్రి భోజనాల దగ్గర మా నాయనతో చెప్పుకున్నాను కూడా. నాయన మెచ్చుకున్నాడు.

బండలు నిలబడ్డాయి. ఈ వరుసకూ ఆ వరుసకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు మిగిలింది. ఆ మరునాటి నుంచి పని లేకపోయినా ఆయన ఆలూరు నుంచి రోజూ నడిచి వచ్చేవాడు. సందు మొదట్లో నిలబడి, మొదటి బండ మీద అరచెయ్యి పెట్టేవాడు, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. నా వైపు చూడకుండా, జాగ్రత్త అన్నట్టు, "పైలం" అనేవాడు. అంతే, వెళ్ళిపోయేవాడు. పదిరోజులు అట్లాగే వచ్చాడు. రోజూ ఆ ఒక్క మాట విని విని నాకు విసుగు వచ్చింది. తరువాత విసుగు పోయి భయం వచ్చింది. పెరట్లోకి పోతే నేను కూడా ఊపిరి తగ్గించి నడిచేవాణ్ణి. జాన పెట్టిద్దామా అని రెండుసార్లు అనుకున్నాను. కుదిరిన బేరం తిరగదోడితే పరువు పోతుందని మానుకున్నాను. ఎవరి ముందు పోతుందో ఇప్పటికీ తెలియదు.

పదకొండో రోజు ఊరేగింపు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం. జై తెలంగాణ అన్న కేకకు దుకాణం రేకు అదిరింది. నేను తలుపు చెక్కలు సగం వేసి నిలబడి చూస్తున్నాను. ఆయన, బామ్మర్ది పెరటి గేటు దగ్గర ఉన్నారు. ఊరేగింపులో మా దగ్గరి ప్రొద్దుటూరు బడి పంతులు ఒకాయన నాకు ముఖపరిచయం. బక్కపలచని మనిషి, తెల్లపంచె, చంకలో గొడుగు. నినాదం ఇస్తున్నప్పుడు కూడా పాఠం చెప్పినట్టే వేలెత్తేవాడు.

ఎవరో పోలీసు వ్యాను వస్తున్నదని కేక వేశారు. వచ్చిందో లేదో నాకు తెలియదు, నేను చూడలేదు. కేకే సరిపోయింది. జనం నీళ్ళు చిమ్మినట్టు చెదిరింది. ఐదారుగురు నా పెరటి గేటు నెట్టుకొని లోపలికి వచ్చి, పక్కనున్న పొట్టిగోడ ఎక్కి దూకిపోయారు. పంతులు ఎన్నడు గోడ ఎక్కాడు గనుక? తిన్నగా సందులోకి పరుగెత్తాడు. అటు దారి లేదు. వెనక్కి చూశాడు. బండల మీదుగా ఎక్కుదామని ముందరి బండ తల మీద రెండు చేతులు వేసి గుంజుకున్నాడు.

బండ కదిలే చప్పుడు పెద్దగా ఉండదు. పలక మీద గోరు గీసినట్టు సన్నగా ఉంటుంది. ఆ చప్పుడు విన్నది ఆయనొక్కడే. పడే బండకు ఎదురు పోవద్దని ఊరందరికీ చెప్పిన మనిషి ఎదురు పోయాడు. నేను గేటు దగ్గరికి చేరేసరికి ఆయన సందులో ఉన్నాడు. నాలుగు బండలు ఒకదాని వెనక ఒకటి ముందుకు ఒరిగి ఉన్నాయి. వాటి కింద ఆయన ఎడమ భుజం. ఇటు కొనలో బామ్మర్ది రెండు చేతులు. మధ్యలో, ఎదుటి వరుసకు వీపు ఆని, పంతులు సగం కూలబడి ఉన్నాడు. పంచె కొస బండ అడుగున ఇరుక్కొని లేవలేకపోతున్నాడు. బండలు ఇంకొక్క మూర వంగితే ఎదుటి వరుసకు ఆనుకుంటాయి. ఆ నడుమ పంతులు ఛాతీ ఉన్నది.

"పట్టు" అన్నాడాయన. బామ్మర్ది పట్టాడు.

రోడ్డు మీద కేకలు, పరుగులు. ఏదో ఒకటి చెయ్యాలి గదా అని నోరు తెరిచాను. దుకాణదారుకు మొదట పనిచేసేది నోరే. ఇన్నేళ్ళు ఆయన దగ్గర విన్నదంతా ఆ క్షణాన ఎటు పోయిందో. బామ్మర్ది వైపు చూస్తూ, గొంతు చించుకొని, "ఇడువకు" అని అరిచాను.

బామ్మర్ది చేతులు తీసేసి వెనక్కి దూకాడు.

వాడి మీద కోపం రాలేదు. వాడు నేను చెప్పిందే చేశాడు. 'కు' సగం దారిలో ఎక్కడో పడిపోయింది. నాలుగు బండల బరువూ ఒక్క భుజం మీదికి దిగింది. ఆయన మోకాళ్ళు వంగాయి. మనిషి జానెడు కుంగాడు. ఆ మాట ఆయన చెవిన కూడా పడ్డది. అయినా ఆయన ఇడువలేదు. ఆ మాటకు లొంగే అలవాటు ఆయన ఒంట్లో ఎక్కడా లేదు.

"పంతులును గుంజు సేటు" అన్నాడు. అరవలేదు. లారీ మీంచి చిన్నబండ అందుకోమన్నట్టు అన్నాడు.

అప్పుడు కదిలాను. పక్కకు తిరిగి సందులో దూరి, పంతులు చంకల కింద చేతులు వేసి లాగాను. పంచె చిరిగి సగం అక్కడే ఉండిపోయింది. మనిషి వచ్చాడు. ఆయన నా కాళ్ళ వైపు చూసి, మేమిద్దరం బయటపడ్డామని తెలుసుకొని, "ఆన్చు" అన్నాడు. ఎవరితో అన్నాడు? అక్కడ ఇంకెవరూ లేరు. తనకు తానే చెప్పుకొని, భుజాన్ని అంగుళం అంగుళం తప్పిస్తూ, నాలుగు బండలనూ ఎదుటి వరుసకు ఆన్చి బయటికి వచ్చాడు. ఒక్క బండ కూడా పగలలేదు. ఎడమ చెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది.

పంతులు సగం పంచెతో గోడ పక్కన కూర్చొని, నా గొడుగేది అని అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాలుగు రోజులకు దవాఖానకు వెళ్ళాను. దారిలో బత్తాయిలు కొన్నాను. కొన్నప్పుడు కూడా బేరమాడాను, రాయకపోతే అబద్ధమవుతుంది. ఆయన భుజానికి కట్టు కట్టి ఉన్నది. ఎముక అతుక్కుంటుంది గానీ చెయ్యి ఇక తలకంటే పైకి లేవదన్నారట. అది చెప్పి, మంచి బండ ఎవడైనా తల మీదికి ఎత్తుతడా, ఎత్తకున్నా నడుస్తది అన్నాడు. బత్తాయిలు మంచం మీద పెట్టాను. చివరికి చెప్పేశాను.

"అన్నా, ఆ మాట అన్నది నేనే. ఇడువకు అన్న."

"ఎర్కే" అన్నాడు. "నేను 'కు' గూడ ఇన్న."

బత్తాయి తీసి కణుపుతో కొట్టి చూశాడు. అలవాటు. తరువాత, నేను ఊహించని మాట అడిగాడు. దవాఖాన మంచం మీద నాలుగు రోజులుగా ఆయన్ను తొలుస్తున్నది భుజం కాదట.

"నేను జాన అన్న. జాన అంటె జాననే గద. దాంట్ల సగం నీకు ఎట్ల గనపడ్డది సేటు?"

మా ఇంటి పద్ధతి చెప్పాను. ఎవరు ఏది అడిగినా రెట్టింపు అడుగుతారని, సగానికి దించడమే మర్యాద అని, మా నాయనమ్మ కొబ్బరికాయల కథతో సహా చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గువేసింది. ఆయన నవ్వలేదు. తల పక్కకు వంచి, పగులెక్కడున్నదో పట్టుకోవాలన్నట్టు, చివరిదాకా విన్నాడు.

"అట్లనా" అన్నాడు. "మరి ఆ సంగతి నాకు మొదలే జెప్పొద్దా?"

నాలుగు నెలల తరువాత ఒక పొద్దున ఆయన పెరట్లోకి వచ్చాడు. గోనెసంచి ఈసారి కుడి భుజం మీద ఉన్నది. గొడవలు ఇంకా పూర్తిగా చల్లారలేదు గానీ, లారీలు మెల్లగా తిరుగుతున్నాయి. కొత్త లోడు వచ్చింది. గోడ దగ్గర మొదటి బండ నిలబెట్టించి, అడుగున చెయ్యి పరిచాడు. ఒక జాన పెట్టి, దాని పక్కన ఇంకొక జాన పెట్టాడు.

"రెండు జానలు గావాలె" అన్నాడు.

నేను అడిగినంత ఇద్దామని ముందే నిశ్చయించుకొని ఉన్నాను. కానీ రెండు జానలైతే బండ నిలబడదు, పండుకుంటుంది, అడుగు జారుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. ఆయన ముఖం చూశాను. మొదటిసారి ఆయన బండను కాకుండా నన్ను చూస్తున్నాడు.

"రెండా? శానా ఎక్కువ గద అన్నా."

"అయితె నువ్వు జెప్పు."

"జాన."

చాలాసేపు ఆలోచించినట్టు నటించాడు. నటన ఆయనకు బొత్తిగా రాదు. మా నాయనమ్మ చూస్తే నవ్వి ఉండేది. చివరికి నష్టపోయినవాడిలా నిట్టూర్చి, "సరే తియ్యి, నీ మాటే గానీ" అన్నాడు.

ఆ తరువాత పదిహేడేళ్ళు నా దగ్గర పని చేశాడు. ప్రతి లోడుకూ రెండు జానలు అడిగాడు. ప్రతి లోడుకూ నేను జానకు దించాను. జీవితంలో ఒక్క అబద్ధం నేర్చుకున్నాడు, అదీ నాకోసం.

ఆలూరులో ఆయన్ను సమాధి చేసిన రోజు వెళ్ళాను. పెట్టెను తాళ్ళతో గుంతలోకి దించుతున్నారు. తాడు పట్టుకున్న ఒకతను పక్కవాడితో ఇడువు, ఇడువు, జర ఇడువు అంటున్నాడు. బామ్మర్ది అప్పటికి ముసలివాడు. ముందుకు వచ్చి అతని చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"ఆ మాట గాదు బిడ్డ. ఆన్చు అను."

ఆన్చు అన్నారు. పెట్టె నేలకు ఆనింది. బయటికి వస్తుంటే నేను బామ్మర్దిని పక్కకు తీసుకుపోయి, ఆనాడు నేను అన్నది ఇడువకు అని చెప్పాను. అంతకాలం తనే తప్పు విన్నానని బాధపడి ఉంటాడని నా భయం. అతను తల ఊపాడు. బావ ఆ వారమే చెప్పాడట, సేటు మంచిగనే అన్నడు, గాలి కొస దెంపింది అని.

మొయినాబాదు నడవలో నేను ఇంకా ఆ నాలుగు వేళ్ళ దగ్గరే ఉన్నాను. షీట్లు పెట్టించిన సూపర్‌వైజరు వచ్చాడు, పాతికేళ్ళు ఉంటాయి. ఇవి నిలబెట్టేవి కావని, కట్టెలు పరిచి నేల మీద పండబెట్టాలని, ఆ సంగతి తనకు తెలుసునని చెప్పాడు. హాల్లో జాగా అడిగితే సార్ ఇవ్వలేదట. పక్కనే మా పెద్దవాడు నిలబడి ఉన్నాడు. హాలు నేల మీద కొత్త టైల్స్ వేశామని, వచ్చే నెలలోనే మొదటి పెళ్ళి ఉన్నదని, రెండు రోజుల ముచ్చటకు నడవ చాలునని అన్నాడు.

"ఎంత జాగ గావాలె బాబు నీకు?" అని ఆ పిల్లవాణ్ణి అడిగాను.

"పది ఫీట్ల పొడుగు సాలు అంకుల్" అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాడు. మా పెద్దవాడి ముఖం చూశాను. కళ్ళు సగం మూసి, పైకి చూస్తున్నాడు. అప్పుడే ఐదుకు దించుతున్నాడు. ఆ ముఖం నాకు బాగా తెలుసు, ఎన్నో ఏళ్ళు అద్దంలో చూశాను.

సూపర్‌వైజరు భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాను.

"ఇరవై అడుగు బాబు" అన్నాను. "మావోడు పదికి దించుతడు."